నార్త్ ఫేసింగ్ విల్లాకి సన్‌సెట్ మూడ్ అడుగుతున్నారు: లైట్, కలర్ ఎలా సెట్ చేయాలి?

కొత్త_రెండర్
అందరికీ నమస్తే. కొంపల్లి దగ్గర 300 గజాల ప్లాట్, నార్త్ ఫేసింగ్, జీ ప్లస్ టూ. ముందు 30 అడుగుల రోడ్డు. కంప్యూటర్‌ల ఇంటి బొమ్మ (రెండర్) 3డీఎస్ మ్యాక్స్, కరోనా అనే సాఫ్ట్‌వేర్‌లల్ల చేస్తున్నా. క్లయింట్ పింటరెస్ట్‌లో ఒక ఫోటో చూపించి "ఇట్ల సాయంత్రం లుక్ కావాలె" అన్నడు. ఆ ఫోటోల ఇల్లు మొత్తం బంగారు రంగుల మెరుస్తది. నేను మంచి సన్‌సెట్ హెచ్‌డీఆర్‌ఐ (సీన్ చుట్టూ పెట్టి వెలుతురు తీసుకునే ఆకాశం ఫోటో) పెట్టి, ఎలివేషన్ మీద ఎండ పడేటట్టు తిప్పి పంపిన. ఆయన చూసి "బాగుంది గని మా ఇల్లు లెక్క లేదు" అన్నడు. ఎందుకంటే చెప్పలేడు. మెటీరియల్స్ అన్నీ ఆయన ఓకే చేసినవే. ముందు గోడకి తాండూరు రాయి రఫ్ క్లాడింగ్, పైన తెలుపు, బాల్కనీ సీలింగ్‌కి వుడ్ కలర్ హెచ్‌పీఎల్ (లామినేట్ షీట్). మూడ్ ఎక్కడ తప్పుతుందో అర్థమైతలేదు. సలహా చెప్పండి.

పాతకెమెరా
రెండు ప్రశ్నలు. కెమెరా ఏ మూల నుంచి? మీ సీన్‌లో ఇప్పుడు ఏ నెల?

కొత్త_రెండర్
కెమెరా ఈశాన్యం మూలకి, రోడ్డు అవతల నుంచి. నార్త్ ఎలివేషన్, తూర్పు పక్క గోడ రెండూ కనిపిస్తయి. నెల అంటే... ఏ నెలా పెట్టలేదు అన్నా. హెచ్‌డీఆర్‌ఐ కదా.

పాతకెమెరా
సరే, అయితే అక్కడి నుంచే మొదలుపెడదాం. నేను ఇరవై ఏళ్లకి పైగా బిల్డింగుల ఫోటోలు తీస్తున్నాను. రెండరింగ్ తర్వాత నేర్చుకున్నాను. అందుకే నాకు మూడ్ కన్నా ముందు దిక్సూచి గుర్తొస్తుంది.

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం. డిసెంబర్ చివర్లో సూర్యుడు ఆగ్నేయం వైపు ఉదయించి నైరుతి వైపు అస్తమిస్తాడు. మధ్యాహ్నం కూడా దక్షిణం వైపే, 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే చలికాలం మొత్తం మీ ఎలివేషన్ మీద నేరుగా ఎండ ఒక్క నిమిషం కూడా పడదు. జూన్‌లో దీనికి రివర్స్. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం కూడా మనకి ఉత్తరం వైపే ఉంటాడు. జూన్ 21న ఉదయం ఏడింటికి తూర్పు నుంచి సుమారు 20 డిగ్రీలు ఉత్తరానికి జరిగి, 16 డిగ్రీల ఎత్తులో ఉంటాడు.

మీరు చూపించినది ఏంటంటే, ఉత్తరం గోడకి ఎదురుగా నిండుగా సాయంత్రం ఎండ. ఉత్తరం నుంచి అలా నేరుగా వచ్చే సాయంత్రం ఎండ కొంపల్లిలో ఏ నెలలోనూ ఉండదు. క్లయింట్‌కి ఈ లెక్కలు తెలియవు, కానీ ఆ ప్లాట్ ముందు రోజూ నిలబడి ఉంటాడు. ఆ గోడ ఎప్పుడు ఎలా ఉంటుందో ఆయన కంటికి తెలుసు. "మా ఇల్లు లెక్క లేదు" అన్నది అందుకే.

మేస్త్రీగారబ్బాయి
పాతకెమెరా గారు చెప్పింది కరెక్టే. ఇంకోటి కలుపుతా. మన దగ్గర వాస్తు ప్రకారం ఉత్తరం, తూర్పు వైపు ఎక్కువ ఖాళీ వదులుతారు కదా. అందుకే జూన్ పొద్దున ఎండకి అడ్డం ఉండదు. పక్కింటి పిట్టగోడ నీడ కూడా మీ గోడ మీద పడదు. మా నాన్న కట్టిన నార్త్ ఫేసింగ్ ఇళ్లన్నిటికీ జూన్‌లో ఏడు, ఎనిమిది గంటలప్పుడు ముందు గోడ మీద ఎండ పక్కవాటంగా రాసుకుంటా పోద్ది. తాండూరు క్లాడింగ్ అప్పుడు చూడాలి. ఒక్కో రాతి పట్టీ అంచు కింద సన్నటి నల్లగీత పడుద్ది. పైకి పొడుచుకొచ్చిన పట్టీల చివర్లు తెల్లగా మెరుస్తాయి. చలికాలం చూస్తే అదే గోడ చదునుగా, సిమెంటు పూసినట్టు ఉంటది.

కొత్త_రెండర్
అంటే సన్‌సెట్ వదిలేసి పొద్దున పెట్టాల్నా? క్లయింట్ ఒప్పుకోడు.

పాతకెమెరా
వదలక్కర్లేదు. ఆయన సన్‌సెట్ ఆయనకి ఇవ్వొచ్చు, నిజమైన సన్‌సెట్టే.

మీ కెమెరా ఈశాన్యం నుంచి నైరుతి వైపు చూస్తోంది. డిసెంబర్‌లో సూర్యుడు 245 డిగ్రీల దగ్గర అస్తమిస్తాడు, అంటే పడమర నుంచి 25 డిగ్రీలు దక్షిణానికి. మీ ఫ్రేమ్ మధ్య నుంచి 20 డిగ్రీలు కుడికి, ఇంటి వెనక. కాబట్టి ఎర్రటి ఆకాశం ఇంటి వెనకాల నిజంగానే వస్తుంది. తేడా ఏంటంటే ఎలివేషన్ నీడలో ఉంటుంది. దాన్ని వెలిగించేది ఎండ కాదు, తల మీది నీలి ఆకాశం, లోపలి దీపాలు, పోర్టికో లైట్లు. పింటరెస్ట్ ఫోటోలో ఇల్లు బంగారు రంగులో ఉందంటే అది ఎండకి ఎదురుగా ఉన్న ఇల్లు. మీ క్లయింట్‌కి నచ్చింది బహుశా ఎండ కాదు, సాయంత్రం ఇల్లు చేరిన ఫీలింగ్. అది కిటికీల నుంచి వస్తుంది.

చెట్లు కూడా డిసెంబర్‌వే పెట్టండి. తురాయి పూలు ఏప్రిల్, మే, జూన్‌లో. బోగన్‌విల్లా అయితే డిసెంబర్‌లో నడుస్తుంది.

గోదారిగట్టు
నేను కొంచెం అడ్డం మాట్లాడతానండి, ఏమీ అనుకోవద్దు. మనం చేసేది బొమ్మ. సర్వే రిపోర్టు కాదు. సూర్యుడు ఎక్కడున్నాడో లెక్కేసి లెక్కేసి తీస్తే అన్ని రెండర్లూ ఆర్కిటెక్ట్ సబ్మిషన్ డ్రాయింగుల్లా తయారవుతాయి. నార్వేలో రెండర్లు చేసే మిర్ స్టూడియో వాళ్లవి చూడండి. మబ్బు, తడి, మంచు, ఒక్కోసారి బిల్డింగ్ సగం కనపడదు. ప్రపంచమంతా వాళ్లని కాపీ కొడుతోంది. వాళ్లు మూడ్ ముందు పెట్టుకునే చేస్తారు. సన్ యాంగిల్ పట్టుకుని కూర్చుంటే ఆ బొమ్మలు వచ్చేవా?

పాతకెమెరా
మిర్ ఉన్నది బెర్గెన్‌లో. అక్కడ ఏడాదిలో 200 రోజులకు పైగా వాన. వాళ్ల కిటికీలోంచి కనిపించేదే బొమ్మలోకి వచ్చింది. జూన్‌లో అక్కడ సూర్యుడు హొరైజన్ కింద ఆరు డిగ్రీల వరకే దిగుతాడు కాబట్టి దాదాపు రాత్రంతా సంధ్య వెలుగే. మన దగ్గర సూర్యుడు దిగిన ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలకి ఆ వెలుగు అయిపోతుంది. అదే పొగమంచుని కొంపల్లి విల్లాకి చుడితే ఎవరికోసం అంటారు? లంబసింగిలో రిసార్ట్ అయితే నేనే పెట్టమంటాను.

గోదారిగట్టు
ఆ పాయింటు ఒప్పుకుంటా. కానీ మా రాజమండ్రిలో కూడా పుష్యమాసంలో గోదారి మీద పొద్దున్నే మంచు ఉంటుంది. వర్షాకాలం మబ్బు వెలుతురు మనకీ ఉంది. మన రెండర్లలో ఎవరూ వాడరు, అదే నా బాధ. అందరికీ నీలి ఆకాశం, రెండు తెల్ల మబ్బులు, ఒక కియా కారు.

మేస్త్రీగారబ్బాయి
కియా కారు 😄 తెల్లదే ఉండాలి మళ్లీ.

డల్లాస్_రమ్య
గోదారిగట్టు గారి మాట నాకు నచ్చింది. మబ్బు వెలుతురులో నీడలు మెత్తబడతాయి, రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. మెటీరియల్ అప్రూవల్ కోసం పంపే ఇమేజ్ అయితే నేను ఎప్పుడూ అదే వాడతాను. అమ్మకం ఇమేజ్‌కి అది చాలదు.

సాయంత్రం షాట్ గురించి చెప్పాలంటే, 1960లో జూలియస్ షుల్‌మన్ తీసిన స్టాల్ హౌస్ ఫోటో వెతికి చూడండి. లాస్ ఏంజెలెస్ కొండ మీద పియెర్ కోయినిగ్ డిజైన్ చేసిన గాజు ఇల్లు, లోపల ఇద్దరు అమ్మాయిలు కూర్చుని ఉంటారు, కింద ఊరంతా దీపాలు. ఊరి దీపాలు పడటానికి చాలాసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి, అదే ఫిల్మ్ మీద లోపలి మనుషుల కోసం ఫ్లాష్ వేశారు. అంటే ఆ వెలుతురు ఒక్క క్షణంలో అక్కడ ఉన్నది కాదు, రెండు వెలుతుర్లని కలిపి తయారు చేసింది. కానీ దీపాలు ఉన్న చోటే ఉన్నాయి, ఇల్లు చూస్తున్న దిక్కు మారలేదు. గోదారిగట్టు గారు అడుగుతున్న స్వేచ్ఛ అక్కడుంది అనుకుంటున్నా. దేన్ని ఎంత వెలిగించాలన్నది మన ఇష్టం.

మనకి కరోనాలో, వీ-రే సాఫ్ట్‌వేర్‌లో లైట్‌మిక్స్ (రెండర్ అయ్యాక ఒక్కో లైటుని విడిగా పెంచి తగ్గించే టూల్) ఉంది కాబట్టి ఫ్లాష్ బల్బులు అక్కర్లేదు. ఆకాశం, ఇంటి లోపలి లైట్లు, పోర్టికో, కాంపౌండ్ లైట్లు అన్నీ విడివిడి గ్రూపులుగా పెట్టుకుని ఒక్కసారి రెండర్ చేయండి. బ్యాలెన్స్ తర్వాత చూసుకోవచ్చు.

కొత్త_రెండర్
రమ్య గారూ, బ్యాలెన్స్ అంటే ఎంత ఉండాలి? నాకు కిటికీలు ఎప్పుడూ తెల్లగా కాలిపోతయి, లేకపోతే ఆకాశం నల్లగ అయితది.

డల్లాస్_రమ్య
మండే ఎండలో ఎక్స్‌పోజర్ వాల్యూ (వెలుతురు ఎంతుందో చెప్పే ఫోటోగ్రఫీ కొలత) 15 చుట్టూ ఉంటుంది. రాత్రి దీపాలు పెట్టిన హాలు 6, 7. తేడా కనీసం ఎనిమిది స్టాపులు. ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు, అంటే 256 రెట్లు. అందుకే పగలు బయటి నుంచి చూస్తే కిటికీలు చీకటి గుంటల్లా ఉంటాయి. సూర్యుడు దిగాక ఆకాశం జారుతూ వచ్చి ఒక దశలో హాలుతో సమానం అవుతుంది. ఫోటోగ్రాఫర్లు కాచుకుని కూర్చునేది ఆ కొద్ది నిమిషాల కోసమే. హైదరాబాద్ డిసెంబర్‌లో సుమారు 5.45కి సూర్యాస్తమయం అనుకుంటే ఆరు గంటల ప్రాంతం.

కరోనా స్కైలో సూర్యుణ్ణి హొరైజన్‌కి రెండు, మూడు డిగ్రీలు కిందకి దించండి. హెచ్‌డీఆర్‌ఐ వాడితే సూర్యుడు లేనిది, అస్తమించాక తీసినది తీసుకోండి. సూర్యుడున్న సన్‌సెట్ హెచ్‌డీఆర్‌ఐని డిమ్ చేస్తే అది సంధ్య అవదు, మసక ఎండ అవుతుంది. కిటికీలు ఆకాశం కన్నా ఒకటి, ఒకటిన్నర స్టాపు ఎక్కువ ఉంటే చాలు. కర్టెన్ మడతలు కనిపించాలి. కనిపించట్లేదంటే తగ్గించండి.

ఇంకోటి, అన్ని గదుల్లోనూ లైట్లు వేయకండి. కిచెన్, హాలు, మెట్ల దగ్గర కిటికీ. పైన ఒక గది చీకటిగా వదిలేయండి. మనుషులున్న ఇంట్లో సాయంత్రం ఆరింటికి అలాగే ఉంటుంది.

మేస్త్రీగారబ్బాయి
కరెంటు బిల్లు కట్టేవాడి ఇల్లు 👍

బ్లెండర్_బావ
రంగుల జోలికి వెళ్లే ముందు ఒకసారి ఇమేజ్‌ని బ్లాక్ అండ్ వైట్ చేసి, అగ్గిపెట్టె సైజుకి తగ్గించి చూడు తమ్ముడూ. ఇల్లు ఆకాశం నుంచి విడిపోయి కనిపిస్తోందా? పోర్టికో ఎక్కడుందో తెలుస్తోందా? అక్కడ తెలియకపోతే రంగు ఎంత గ్రేడింగ్ చేసినా రాదు. బ్లెండర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి చెప్తున్నా, 4.0 నుంచి ఏజీఎక్స్ (రంగులని స్క్రీన్‌కి సరిపడేలా మార్చే సెట్టింగ్) డిఫాల్ట్‌గా వస్తోంది, అది మార్చకండి. దీపాల చుట్టూ నారింజ రంగు చెత్తగా మారకుండా మెల్లగా తెలుపులోకి వెళ్తుంది.

గడప_దాటి
మధ్యలో దూరుతున్నా, సారీ. నాది ఇంటీరియర్. హాలు, ఒక్కటే కిటికీ, రెడ్ ఆక్సైడ్ ఫ్లోరింగ్. సీలింగ్ తెలుపు పెట్టినా గులాబీ రంగు వస్తోంది. ఫోటోషాప్‌లో డీశాచురేట్ చేస్తే మొత్తం చచ్చిపోతోంది.

బ్లెండర్_బావ
ఫ్లోర్ రంగు సీలింగ్‌కి ఎగబాకుతోంది. నిజం ఇంట్లోనూ కొంత ఉంటుంది, కానీ మీ ఫ్లోర్ శాచురేషన్ ఎక్కువ అయ్యుంటుంది. పాత ఇళ్లల్లో రెడ్ ఆక్సైడ్ మీద కొబ్బరి నూనె, మైనం రుద్ది రుద్ది వచ్చిన మెరుపే మనకి ఎరుపుగా గుర్తుంటుంది. అసలు రంగు బాగా ముదురు, గోధుమకి దగ్గర. డిఫ్యూజ్ (ఫ్లోర్ సొంత రంగు) తగ్గించి, రిఫ్లెక్షన్‌ని పని చేయనివ్వండి. గోడల తెలుపు 255, అంటే పూర్తి తెలుపు పెట్టారా? మంచి తెల్ల పెయింటు కూడా పడ్డ వెలుతురులో 80, 85 శాతమే వెనక్కిస్తుంది. 230 చుట్టూ పెట్టి చూడండి.

గడప_దాటి
255 ఏ 🙈 మార్చి చూస్తా.

పాతకెమెరా
కొత్త_రెండర్, ఒక్క జాగ్రత్త. ఆర్కిటెక్ట్ డ్రాయింగ్‌లో నార్త్ బాణం పైకి నిటారుగా ఉంటుంది. ప్లాట్ నిజంగా అలా ఉండదు. రోడ్డు ఎనిమిదో పదో డిగ్రీలు తిరిగి ఉంటుంది, వాళ్లు షీట్ మీద సరిచేసి గీస్తారు. గూగుల్ మ్యాప్ శాటిలైట్‌లో ప్లాట్ చూసి, ఆ కోణం మ్యాక్స్ సన్ పొజిషనర్‌లో పెట్టండి. పది డిగ్రీలు తేడా వస్తే జూన్ పొద్దున ఎండ గోడని రాసుకుంటూ వెళ్లే తీరే మారిపోవచ్చు.

కొత్త_రెండర్
చూసిన అన్నా. మా ప్లాట్ 7 డిగ్రీలు తూర్పుకి తిరిగి ఉంది. అంటే పొద్దున ఎండ ఇంకా బాగా పడతది. రెండు ఇమేజ్‌లు చేసిన. ఒకటి జూన్ పొద్దున 7, రెండోది డిసెంబర్ సాయంత్రం 6. కింద పెడుతున్నా. పొద్దునది బాగొచ్చింది అనిపిస్తుంది. సాయంత్రంది ఏదో బరువుగా ఉంది, చెప్పండి.

డల్లాస్_రమ్య
పొద్దునది ముట్టుకోవద్దు. ఆకాశం కొంచెం పాలిపోయినట్టు పెట్టారు, మన జూన్ అలాగే ఉంటుంది. సన్ సైజు మాత్రం 2కి పెంచండి, దూరంగా ఉన్న చజ్జా నీడ అంచు మరీ బ్లేడుతో కోసినట్టు ఉంది.

సాయంత్రం ఇమేజ్ ఆరెంజ్ ఎక్కువ. ఆకాశం ఆరెంజ్, హెచ్‌పీఎల్ ఆరెంజ్, బాల్కనీ కింద ప్రొఫైల్ లైట్లు 2700 కెల్విన్ (పసుపు వెలుతురు), కాంపౌండ్ గోడ మీద వాల్‌వాషర్లు (గోడని వెలిగించే లైట్లు) కూడా అదే. చూస్తుంటే హల్దీ ఫంక్షన్‌లా ఉంది. ఆకాశంలో ఎరుపు హొరైజన్ దగ్గర సన్నటి పట్టీకి తగ్గించి, పైన నీలానికి చోటివ్వండి. వాల్‌వాషర్లు 4000కి మార్చండి లేదా తీసేయండి. వైట్ బ్యాలెన్స్ 6500లో ఉన్నట్టుంది, 5000కి దించండి. దీపాలు మరీ ఎర్రగా లేకుండా దిగుతాయి, ఆకాశం నీలం తిరుగుతుంది. అప్పుడు ఆ తాండూరు రాయి చూడండి, నీలి ఆకాశం కింద బూడిద రంగు చల్లగా మారుతుంది. ఇమేజ్‌లో చల్లటి రంగు మీకు అక్కడే దొరుకుతుంది, బయట నుంచి తేనక్కర్లేదు.

గోదారిగట్టు
రోడ్డు తడిగా ఎందుకుందండి? డిసెంబర్ కదా.

కొత్త_రెండర్
రిఫ్లెక్షన్ కోసం 😅 అందరూ పెడ్తరు కదా.

గోదారిగట్టు
సినిమా వాళ్లు ట్యాంకర్‌తో నీళ్లు కొట్టించేది కూడా అందుకే, తప్పేం కాదు. కానీ పొడి రోడ్డు మీద గేటు లైటు పడిన మరక కూడా బాగుంటుంది. లేదంటే గేటు ముందు మాత్రమే తడిపి, ముగ్గు వేయండి. సాయంత్రం నీళ్లు చల్లి దీపం పెట్టే ఇల్లు మనకి తెలుసు. ధనుర్మాసం కూడాను.

మేస్త్రీగారబ్బాయి
ముగ్గు పొద్దున్నే వేస్తారు గురువుగారూ, సాయంత్రానికి బళ్ల కింద చెరిగిపోద్ది. సగం చెరిగిన ముగ్గు పెట్టమను, అదిరిపోద్ది.

గోదారిగట్టు
ఒప్పుకున్నాను, నువ్వే గెలిచావు.

సైట్_ఇంజనీర్
ఇది ఒక్క ఇంటి క్లయింట్ కాబట్టి సరే. వెంచర్ బ్రోచర్‌కి చేసేవాళ్లు ఈ దిక్కుల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2016 రెరా (రియల్ ఎస్టేట్) చట్టంలో సెక్షన్ 12 ఉంది. ప్రకటనలో, ప్రాస్పెక్టస్‌లో తప్పుడు సమాచారం నమ్మి అడ్వాన్స్ కట్టి నష్టపోతే ప్రమోటర్ (బిల్డర్) పరిహారం ఇవ్వాలి. కొనుగోలుదారు తప్పుకోవాలంటే కట్టింది వడ్డీతో సహా వెనక్కివ్వాలి. మూల మీద చిన్న అక్షరాల్లో ఊహాచిత్రం అని రాస్తే అన్నీ చెల్లిపోతాయని కొందరు అనుకుంటారు. మా దగ్గర ఒక బిల్డర్ ఉత్తరం వైపు ఫ్లాట్లకి చలికాలం ఎండ హాల్లో సోఫా దాకా పడుతున్నట్టు ఇమేజ్ చేయించాడు. ఫ్లాట్ తీసుకున్న ఒక పెద్దాయన జనవరిలో ఆ ఇమేజ్ ప్రింటు పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. చట్టం దాకా పోలేదు, కానీ ఆ రోజు అక్కడ జరిగిన గొడవ చూస్తే ఏ రెండర్ ఆర్టిస్టూ మళ్లీ సూర్యుణ్ణి ఇష్టమొచ్చినట్టు తిప్పడు.

గోదారిగట్టు
బ్రోచర్ విషయంలో మీతో ఏకీభవిస్తా. ఎండ కూడా అమ్ముతున్న సరుకే అక్కడ.

కొత్త_రెండర్
అప్‌డేట్. రమ్య గారు చెప్పినట్టు మార్చిన. వైట్ బ్యాలెన్స్ 5000 కొంచెం ఎక్కువ చల్లగ అనిపించి 5300 దగ్గర ఆపిన. వాల్‌వాషర్లు తీసేసిన, పై బెడ్రూమ్ చీకటి, గేటు ముందు సగం చెరిగిన ముగ్గు. రెండూ పంపిన. క్లయింట్ సాయంత్రంది వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నడు. వాళ్ల నాన్న పొద్దునది ఫ్రేమ్ కట్టియ్యమన్నడట. ఇప్పుడు రెండిటికీ డబ్బులు అడగాల్నా ఒక్కదానికే అడగాల్నా అని ఆలోచిస్తున్నా.

సైట్_ఇంజనీర్
రెండిటికీ అడగండి. ఫ్రేమ్‌కి హై రిజల్యూషన్ వేరే రేటు.

పాతకెమెరా
ప్రింటుకి పంపే ముందు ఒక చిన్న టెస్ట్ ప్రింట్ తీయించండి. సాయంత్రం ఇమేజ్‌ల్లో నీడ భాగాలు స్క్రీన్ మీద కనిపించినంత కాగితం మీద కనిపించవు, పోర్టికో కింద అంతా నల్లగా పూడుకుపోతుంది. పొద్దునదానికి ఆ బాధ తక్కువ. క్లయింట్‌కి వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా పంపితే ఆకాశం మెట్లు మెట్లుగా విరిగిపోతుంది.

గడప_దాటి
230 పెట్టా. సీలింగ్ తెల్లగా వచ్చింది! ఫ్లోర్ కూడా ముదురు చేశా. ఇప్పుడు కిటికీ పక్క గోడ నీలంగా ఉంది, అది ఉంచనా?

బ్లెండర్_బావ
ఉంచండి. బయట ఆకాశం అదే రంగు.